జూలై నాలుగు ముచ్చట్లు

ఆ మొద్దు జర ఇటు జరుపు బిడ్డా, పొగంత నీ మొఖానికే కొడ్తున్నది. ఆఁ, గట్ల. ఇప్పుడు చెప్పు, ఏమన్నవు? జూలై నాలుగంటె మీ అమెరికా పండుగనా? పటాకులు కాలుస్తె కాల్చుకోండ్రి గని, ఆ తారీకు మీ ఒక్కలదే అంటె మాత్రం నేను ఒప్పుకోను. బడిల సోషల్ చెప్పి చెప్పి ముసలోన్నయిన. తారీకు తడుముకుంటె వెనుక బెంచి పోరగాండ్లు కిసకిస నవ్వుదురు, అందుకే శానా నోటికొచ్చినయి. మంట మంచిగ అంటుకున్నది, మీ అవ్వ పల్లికాయ తెస్తనన్నది, నిద్ర నాకెట్లనూ రాదు. వరుసగ చెప్పుమంటె నాతోని కాదు, ఏది యాదికొస్తె అది చెప్త.

మొదలు మీదే కానియ్యి. 1776ల ఇంగ్లండు రాజు కింద ఇగ ఉండమని అక్కడి 13 వలసలు ఎదురు తిరిగినయి. అసలు ఓటు పడ్డది జూలై 2నాడు. జాన్ ఆడమ్స్ అని ఒక పెద్దమనిషి, తర్వాత రెండో ప్రెసిడెంటు అయిండు, తెల్లారి పెండ్లానికి ఉత్తరం రాసిండు: ముందుముందు జనం జూలై రెండును పండుగ చేసుకుంటరు, ఊరూర మంటలేస్తరు, దీపాలు పెడ్తరు అని. పండుగ అన్నది నిజమైంది, తారీకు తప్పింది. ఎందుకంటవా? స్వతంత్ర ప్రకటన మాటలు ఖాయమై అచ్చాఫీసుకు పోయింది నాలుగునాడు. కాగితం మీద ఆ తారీకు పడ్డది, జనం దాన్నే పట్టుకున్నరు. అండ్ల శానామంది సంతకం పెట్టింది ఇంకా వెనుక, ఆగస్టు 2న. తారీకు అంటె కాగితం మీద ఏది పడితె అదే బిడ్డా. ఈ మాట జర యాదిల పెట్టుకో, మల్ల పనికొస్తది.

ఆ ప్రకటన రాసిన జెఫర్సన్, దాని కోసం సభల గొంతు చించుకున్న ఆడమ్స్, ఇద్దరూ మొదట్ల దోస్తులు. ఎలక్షన్ల కాడ చెడింది, మొఖాలు చూసుకోలే. ముసలితనంల మల్ల కలిసి ఉత్తరాలు రాసుకున్నరు. ప్రకటనకు సరిగ్గ 50 ఏండ్లు నిండిన నాడు, 1826 జూలై 4న, ఇద్దరూ పోయిండ్రు. జెఫర్సన్ మధ్యాహ్నం, 83 ఏండ్లు. ఆడమ్స్ పొద్దుగూకే యాల్లకు, 90 ఏండ్లు. అయిదేండ్లకు ఇంకో ప్రెసిడెంటు మన్రో, ఆయన కూడ అదే తారీకు. క్లాసుల ఈ ముచ్చట చెప్తె పిల్లలు కండ్లింతింత చేసుకొని వినేది. నేను ఆడ ఆపకపోతుంటి. మనుషులందరూ సమానంగ పుట్టిండ్రని రాసిన ఆ జెఫర్సనే తన బతుకంతల కలిపి 600 మందికి పైన బానిసలను ఉంచుకున్నడు, అది కూడ రాసుకోండ్రి అంటుంటి. మీ టీచరు చెప్పిండా మీకు? చెప్పకపోతె అడుగు.

వివేకానందుడు తెలుసు కదా? ఆయనకూ మీ పండుగకూ ఒక లంకె ఉన్నది. 1893 ఫిబ్రవరిల ఆయన మన సికింద్రాబాద్ వచ్చిండు. మహబూబ్ కాలేజీల, ఆ బిల్డింగు ఇప్పటికీ ఉన్నది, నేను పడమటి దేశాలకు ఎందుకు పోతున్ననో చెప్త అని ఇంగ్లీషుల మాట్లాడిండు. వెయ్యిమంది దాక వచ్చిండ్రంటరు. అప్పటికి ఆయన పేరు ఎవరికి ఎరుక? చికాగోల మాట్లాడింది ఆ సెప్టెంబరు కదా! అయిదేండ్లయినంక, 1898ల, అమెరికా శిష్యులతోని కాశ్మీరు పోయి శ్రీనగర్‌ల పడవ ఇండ్లల్ల ఉన్నరు. జూలై 4 వచ్చింది. దేశంగాని దేశంల వాండ్ల పండుగ వాండ్లకు యాదికొస్తదని స్వామి చాటుగ ఒక దర్జీని పిలిపించిండు. ఆ దర్జీ అమెరికా జెండా ఎన్నడు చూసిండు పాపం! చెప్పింది విని, తోచినట్టు చుక్కలూ గీతలూ కుట్టిచ్చిండు. దాన్ని పచ్చని కొమ్మలతోని కలిపి పడవకు కొట్టి, పొద్దుగాల చాయ కాడికి అందరినీ పిలిచి, ఆ దినం మీద తాను ఇంగ్లీషుల రాసిన కవిత చదివిండు. సరిగ్గ నాలుగేండ్లకు, 1902 జూలై 4 రాత్రి, బేలూరు మఠంల ఆయన పోయిండు. నలభై నిండలే.

ఇట్ల చెప్తుంటె మా పక్కింటి అయ్యగారు అంటుండె, సారూ, ఆ తిథిలనే ఏదో బలముంటది అని. తిథి ఏడిది అయ్యా, ఇంగ్లీషు తారీకు ప్రతి యేడు ఒకే తిథికి పడుతదా అంటి. ఏడాదికి 365 దినాలు, మనుషుల చరిత్ర వేల ఏండ్లది. ఏ తారీకు తవ్వినా నలుగురు పుట్టింది, నలుగురు సచ్చింది, ఒక కొట్లాట తేలుతది. తారీకుకు బలం లేదు. దాన్ని తవ్వేటోడు ఎవడు, ఎందుకు తవ్వుతున్నడు, అదే చూడాలె. నేనూ ఊకె తవ్వుతలేను, నా ముచ్చట నాకున్నది. దానికి వస్త.

మన్నెం దొర అల్లూరి సీతారామరాజు పుట్టిన దినం కూడ అదే. 1897ల, విశాఖపట్నం దిక్కు పాండ్రంగిల, తల్లిగారింట్ల పుట్టిండు. సొంతూరు భీమవరం కాడ మోగల్లు. ఈయన సినిమా 1974ల వచ్చినప్పుడు బండ్లు కట్టుకొని జనగామ పోయి చూసినం. కృష్ణ విల్లు పట్టుకొని నిలబడితె జనం చిల్లర పైసలు విసిరిండ్రు. మీ అవ్వ ఏడ్చింది, ఇప్పుడడిగితె లేదంటది. కని సినిమాల నాకు ఆనని సంగతొకటి ఉన్నది. అడవి చట్టాలు తెచ్చి తెల్లోళ్లు పోడు ఎవుసం కట్టడి చేసిండ్రు. తాత ముత్తాతలు కొట్టుకున్న చెలకల అడుగుపెట్టాలంటె గార్డుకు లంచం. రోడ్లెయ్య కొండోళ్లను పట్టుకపోయి కూలి సగం ఎగ్గొట్టిండ్రు. ఆ కడుపుమంటల నుంచి పుట్టింది మన్నెం తిరుగుబాటు. రాజు ఒక్కని కోపంతోని కాదు. గాం మల్లుదొర, గాం గంటందొర అసొంటోళ్ల అండ లేకపోతె ఆ కొండలల్ల ఒక రాత్రి కూడ గడవకపోవు.

1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా, తెల్లారి కృష్ణదేవిపేట, ఆ తెల్లారి రాజవొమ్మంగి. మూడు దినాలల్ల మూడు ఠాణాలు, చేతికొచ్చినయి 26 తుపాకులు. ఎత్తుకపోయిన సామానుకు లెక్క రాసిచ్చి పోయిండంటరు, దొంగతనం అనకుండ. నాకు ఆ చీటి ముచ్చట మస్తు ఇష్టం. రెండేండ్లు సర్కారుకు కునుకు లేకుండ చేసి, 1924 మే 7న కొయ్యూరు కాడ దొరికిండు. కోర్టు లేదు, విచారణ లేదు, చెట్టుకు కట్టి కాల్చిండ్రు. ఇరవై ఏడు నిండలే. సమాధి కృష్ణదేవిపేటల ఉన్నది. ఆ మల్లుదొర జైలుకు పోయి, బతికి బయటపడి, 1952ల విశాఖ నుంచి పార్లమెంటుకు గెలిచిండు. దాని మీద సినిమా ఎవరూ తియ్యలేదేంది అని నాకు అనిపిస్తది.

నవ్వొచ్చే సంగతొకటి చెప్పనా? మీరు నాటు నాటు అని గంతులేసే పాట ఉన్నది కదా, దానికి బాణీ కట్టిన కీరవాణి పుట్టింది కూడ జూలై 4నే, 1961ల. సీతారామరాజు పేరుమీద అల్లిన కథకు సంగీతం చేసినాయన, ఆయన పుట్టిన తారీకే పుట్టిండు. మా అయ్యగారికి ఇది చెప్పలే, చెప్తె ఇగ ఆగడు. ముఖ్యమంత్రి చేసిన రోశయ్య కూడ అదే తారీకు, 1933.

పింగళి వెంకయ్య పోయింది అదే తారీకు, 1963ల, విజయవాడల. మచిలీపట్నం దిక్కు భట్లపెనుమర్రు మనిషి. పడుచుతనంల పటాలంల చేరి దక్షిణాఫ్రికా పోయిండు, అక్కడనే గాంధీ పరిచయం. మనిషి ఒక్క పని మీద నిలిచిన రకం కాదు. పత్తి మీద పరిశోధన చేస్తె పత్తి వెంకయ్య అన్నరు, జపాన్ భాష నేర్చి మాట్లాడితె జపాన్ వెంకయ్య అన్నరు, రత్నాల రాళ్లు ఎతికితె డైమండ్ వెంకయ్య అన్నరు. వీటన్నిటి నడుమ జెండా పిచ్చి మాత్రం వదల్లే. దేశానికొక జెండా కావాలని 1916లనే నమూనాలు గీసి పుస్తకం అచ్చేయించిండు. అయిదేండ్లకు బెజవాడల కాంగ్రెస్ మీటింగు అయితె, గాంధీ చేతుల ఎర్ర పచ్చ రంగుల జెండా పెట్టిండు. జలంధర్ ఆయన లాలా హంసరాజ్ రాట్నం పెట్టమన్నడు, గాంధీ తెలుపు కలుపమన్నడు. తర్వాత రంగులు మారినయి, రాట్నం పోయి చక్రం వచ్చింది. 1947 జూలై 22న ఢిల్లీల ఖాయమైంది. ఆయన మాత్రం లేమిలనే ఉన్నడు, లేమిలనే పోయిండు. తపాలా బిళ్ళ వేసింది 2009ల, సచ్చి 46 ఏండ్లయినంక. బతికుండంగ ఒక పింఛను గట్టిగ ఇస్తె బిళ్ళ లేకున్నా నడుసు.

ఇంకా ఉన్నయి. 1943ల అదే నాడు సింగపూర్‌ల రాస్ బిహారీ బోస్ తన సంఘం పగ్గాలు సుభాష్ బోస్ చేతుల పెట్టిండు. 1947ల అదే నాడు మనకు స్వతంత్రం ఇచ్చే బిల్లు లండన్ పార్లమెంటుల పెట్టిండ్రు. రేడియం కనిపెట్టిన మేరీ క్యూరీ 1934ల పోయింది. చాలు.

ఇగ నా ముచ్చట.

1946 జూలై 4, బేస్తారం. ఆషాఢం అప్పుడే మొదలైంది. మనకప్పుడు ఈ తారీకులు లేవు. నిజాం కచేరీల ఫసలీ 1355 నడుస్తున్నది, నెలల పేర్లే వేరే, అవి పట్వారికి తప్ప ఎవరికీ నోరు తిరుగకపోవు. నేను తొమ్మిదేండ్ల పోరన్ని. మా ఊరికీ కడవెండికీ నడుమ రెండు మూడు ఊర్లు. అప్పుడది నల్లగొండ జిల్లా, జనగామ తాలూకా.

విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి పేరు ఇన్నవా? 60 ఊర్లు, 40 వేల ఎకరాలు. ఆయన తల్లి జానకమ్మ దొరసాని కడవెండి గడీల ఉండేది. ఆమె పేరు చెప్తె అన్నం తినని పిల్లలు గబగబ మింగేది, మా అమ్మ మమ్ములను గట్లనే బెదిరించేది. బాలింతలను కూడ పసిపిల్లను ఇడిచిపెట్టి నాటుకు రమ్మందురని చెప్పుకునేది. వెట్టి అంటె నీకు ఎరుకుండదు. కుమ్మరి కుండలు ఊకె ఇయ్యాలె, చాకలి బట్టలు ఊకె ఉతుకాలె, గొల్ల కురుమలు పండుగకు యాటలు ఊకె తోలాలె. దొర సవారీ పోతె ముందట ఉరుకాలె. దాని మీద యుద్ధం పేరు చెప్పి లెవీ గింజలు. పండింది తక్కువున్నా కొలిచిపొయ్యాలె, దొర గాదెలు మాత్రం ఎవరూ ముట్టకపోదురు. పాలకుర్తిల చాకలి ఐలమ్మ కౌలు పంట మీద పడ్డది కూడ ఈ విసునూరు దొరనే. ఆమె పంటను సంఘపోళ్లు దగ్గరుండి కోసి ఇల్లు చేర్చిండ్రు. అప్పటి సంది దొరకు సంఘమంటె కండ్లల్ల కారం.

సంఘమంటె ఆంధ్ర మహాసభ. మా దిక్కు ఆ పేరు ఎవరూ అనకపోదురు. సంఘం, అంతే. కడవెండిల దాంట్ల ముందున్నోడు దొడ్డి కొమురయ్య. కురుమోల్ల పిల్లగాడు, 1927ల పుట్టిండు. లెక్కగట్టు, పందొమ్మిది. ఆయన అన్న మల్లయ్య కూడ సంఘంలనే.

ఆనాడు దొర మనుషులు తాగి సంఘపోళ్ల ఇండ్ల మీద రాళ్లేసిండ్రు. జనం ఇండ్లల్ల దాక్కోలే, బయటికొచ్చిండ్రు. వెయ్యిమంది దాక. చేతుల కట్టెలు, ఒడిసెలలు. ఒడిసెల చూసినవా నువ్వు? నడుమ అరచేతంత అల్లిక, రెండు దిక్కుల తాళ్లు. ఒక తాడు కొసకు ఉంగరమోలె ముడి, దాంట్లకు వేలు దోపాలె. రెండో కొస ఊకె పట్టుకోవాలె. అల్లికల రాయి పెట్టి నెత్తిమీద గిర్రున తిప్పి, సరైన యాల్లకు ఆ రెండో కొస ఇడువాలె. ముందట ఇడిస్తె ఆకాశానికి పోతది, వెనుక ఇడిస్తె పక్కోని నెత్తి పలుగుతది. జొన్న చేన్ల పిట్టలు కొట్టనీకి, మందకు తోడేలు వస్తె తరుమనీకి అది. కురుమ పోరగానికి నడక వచ్చినప్పటి సంది అది వస్తది. నేను ఎంత తిప్పినా నా రాయి నా వెనుకనే పడేది.

ఊరేగింపు నినాదాలు చేసుకుంట గడీ దాపుకు వచ్చింది. లోపల నుంచి తుపాకులు పేలినయి. ముందట నడుస్తున్న కొమురయ్యకు తగిలింది, అక్కడికక్కడ పోయిండు. మల్లయ్య కాలికి తగిలి పడ్డడు. ఇంకొందరికి దెబ్బలు.

అప్పటిదాక ఏమయ్యేదంటె, తుపాకి పేలితె ఊరు ఖాళీ అయ్యేది. ఆనాడు కాలే. జనం గడీ దిక్కే ఉరికిండ్రు. కాల్చినోళ్లు లోపలికి పోయి తలుపులేసుకున్నరు. గడ్డి మోపులు తెచ్చి కాలబెడ్తమని గడీని చుట్టుముట్టిండ్రు. ఇంతల దొర కొడుకు 200 మందిని కత్తులు, తుపాకులతోని వెంటేసుకొని వచ్చిండు. అప్పటికి చుట్టుపక్కల ఊర్లకు వార్త పోయింది. మా నాయిన దొడ్డికాడ ఎద్దులకు గడ్డేస్తున్నడు. ఎవడో ఉరుక్కుంట వచ్చి కడవెండిల కొమురయ్యను కాల్చిండ్రని కేకేసి ఆగకుండ పోయిండు. నాయిన చేతిల గడ్డి గట్లనే కింద పడేసి, దూలానికున్న కట్టె గుంజుకొని నడిచిండు. మా అమ్మ ఏమీ అనలే. ఎందుకు అనలేదో నాకప్పుడు సమజ్ కాలే, ఇంతకుముందు ఆయన సంతకు పోతె కూడ పది మాటలు అనేది.

నలుదిక్కుల నుంచి జనం వచ్చి పడేసరికి ఆ 200 మంది పొలాలెంట ఉరికిండ్రు. రాత్రికి పోలీసులు దిగి, దొర మనుషులను మేం చూసుకుంటం అని జనాన్ని పంపిండ్రు, మీది మీదికి. తెల్లారి కొమురయ్యను వేలమంది ఊరేగించుకుంట తీసుకపోయిండ్రు. నాయిన ఇంటికి వచ్చినంక స్నానం చేసి అన్నం తిన్నడు, ఒక్క మాట మాట్లాడలే. ఆ తర్వాత కొన్ని వారాలల్ల వందల ఊర్లల్ల గడీ ముందట నుంచి చెప్పులేసుకొని నడుసుడు మొదలైంది. ఆ కొట్లాట 1951 అక్టోబరు దాక నడిచింది. దాని మంచిచెడ్డల మీద ఇయ్యాలటికీ వాదిస్తరు, వాదించుకోనియ్యి.

మా ఊర్ల ఎవరికీ అది జూలై నాలుగని ఎరుక లేదు. కొమురయ్య సచ్చిన యేడు అందురు. మా చెల్లె కొమురయ్య సచ్చిన యేడు పుట్టింది, మా బర్రె అంతకు ముందటేడు ఈనింది, గట్ల లెక్క. నేను ట్రెయినింగు కాలేజీల పుస్తకం చదువుతుంటె ఆ తారీకు కంటబడ్డది. ఒక్కన్నే కూసోని మల్లమల్ల చదువుకున్న.

నౌకరి వచ్చినంక బడిల పిల్లలను చేర్పిచ్చుకునే పని నా మీద పడ్డది. తండ్రులు పిల్లగాని రెక్క పట్టుకొని తెచ్చేది. ఎప్పుడు పుట్టిండే అంటె, మొక్కజొన్న కంకి పట్టినప్పుడు అందురు, పెద్దవాన కొట్టిన నాడు అందురు. రిజిస్టరుల ఒక తారీకు రాయాలె కదా. సార్లందరూ జూలై ఒకటి రాసేది, లెక్కకు అలక అని. నేను మాత్రం జూలై నాలుగు రాసేది. హెడ్మాస్టరు ఒకసారి అడిగిండు, ఏందయ్యా మీ క్లాసుల సగం మంది ఒక్కనాడే పుట్టిండ్రని. ఏం చేద్దుం సార్, ఆ దినం మంచిదున్నట్టున్నది అన్న.

అట్ల రాయించుకున్నోడు ఒకడు రెవెన్యూల గుమాస్తా అయిండు. మొన్నీమధ్య రిటైరయి మిఠాయి డబ్బా పట్టుకొని వచ్చిండు. ఒకటో తారీకు పుట్టినోళ్లు ముందటి నెల ఆఖరుకే దిగాలెనట నౌకరిల, రూలు అట్లున్నదట. వాని జోడీగాళ్లు జూలై ఒకటోళ్లందరూ జూన్ 30కే ఇంటికి పోయిండ్రు. వీడు జూలై 31 దాక చేసిండు. సార్, మీ చేతి రాత పుణ్యాన ఒక నెల జీతం ఎక్కువొచ్చింది అన్నడు. అది నా పుణ్యం కాదురా కూసో అని, ఈ కథంత వానికి మొదటి నుంచి చెప్పిన. మిఠాయి అయిపోయేదాక ఇన్నడు.